లండను వీధిలో గంధర్వుడు
(కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారి జీవితం)

కృష్ణవేణి తన సుదీర్ఘ ప్రయాణం ముగించుకొని సముద్రుని చేరే ఈ పల్లపు నేల వరికీ, చేపలకూ ఎంత ప్రసిద్ధమో కళలకూ, కవిత్వానికీ అంత ప్రసిద్ధం. కూచిపూడి నాట్యం ఈ మట్టిలో పుట్టినది. క్షేత్రయ్య పదాలు మువ్వ గోపాలుని పేర దక్షిణదేశమంతా ప్రయాణం చేసినవి. అట్టి నేలలో గుడివాడకును గన్నవరానికిని నడుమ నందమూరు అనే గ్రామమున్నది. తెలుగువారికి తొలి జ్ఞానపీఠ పురస్కారాన్ని తెచ్చిన విశ్వనాథ సత్యనారాయణగారు ఆ గ్రామంలో జన్మించారు. ముదినేపల్లి ప్రాంతపు విద్యార్థులకు అది దూరదేశం కాదు, గుడివాడ దాటితే వచ్చే పొరుగూరే. అయినను ఆయన పేరు వినగానే వేయిపడగలు, రామాయణ కల్పవృక్షము అని రెండు గ్రంథనామాలు అప్పగించి, పరీక్షకు అంతమాత్రం చాలునని ఊరకుండుట మేము ఏటేటా చూచుచున్నాము.

ఈ వ్యాసానికి కారణం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. అతడు అమెరికా రచయిత యొకరి భయానక కథలు చదివాడు. మానవుడు పుట్టుటకు ఎంతో ముందు ఈ భూమి మీదికి వచ్చిన మహాజీవులు సముద్ర గర్భంలోనో, కొండల మరుగుననో నిద్రించుచుండుట, నేటి మనుష్యుడొకడు పొరపాటున వారి జాడ తెలిసికొని మతి చెడుట ఆ కథలలోని విషయం. అట్టి కథలు తెలుగులో ఉన్నవా అని అతడు మొదట అడిగాడు. తరువాత, కొంత సంకోచంతో, మరొక ప్రశ్న అడిగాడు. ఆ కథలలో లోకాన్ని భయపెట్టే రహస్య గ్రంథమొకటి తరచు వచ్చును. దానిని వ్రాసినవాడు పిచ్చివాడైన ఒక అరబ్బు అట. ఆ పని మనవారి పేరుగలవానికే ఎందుకు అప్పగించారు అని అతని సందేహం. తరగతిలో మిగిలినవారు నవ్వారు కాని ఆ పిల్లవాడు నవ్వలేదు. మేమును నవ్వలేకపోయాము. అప్పటికప్పుడు సరియైన సమాధానం తోచలేదు. తరువాత ఆలోచింపగా, ఆ రెండు ప్రశ్నలకూ సమాధానానికి దారి నందమూరులోనే దొరికినది.

ముందు ఆ అమెరికా రచయితను గూర్చి రెండు మాటలు చెప్పుట అవసరం. ఆయన పేరు హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్. 1890లో ప్రావిడెన్స్ నగరంలో పుట్టి, 1937లో అదే నగరంలో, నలుబది ఏడవ ఏట, పేదరికంలో మరణించాడు. చిన్ననాడే తండ్రి మతి చలించి ఆస్పత్రి పాలయ్యాడు. కొంతకాలానికి తల్లియు అదే ఆస్పత్రిలో కన్నుమూసినది. సముద్రం అడుగున మునిగిన నగరంలో నిద్రించే క్తుల్హు అనే మహాజీవిని గూర్చి ఆయన వ్రాసిన కథ 1928లో వియర్డ్ టేల్స్ అనే పత్రికలో వెలువడినది. ఈ విశ్వానికి మానవుడనే వాడొకడు ఉన్నాడనే స్పృహయే లేదని, మన ప్రార్థనలు వినే చెవి ఎక్కడను లేదని ఆయన తలంపు. దానితోపాటు మరొక భయమును ఆయనలో ఉండినది. న్యూయార్కులో కాపురమున్న కొద్ది సంవత్సరాలలో నానాదేశాల నుండి వచ్చి స్థిరపడిన పేదలను చూచి ఆయన తీవ్రంగా ఏవగించుకొన్నాడు. ఆ ఏవగింపు కథలలోనికి ప్రాకినది. ఆ పిచ్చి అరబ్బు పేరు పుట్టిన విధం మాత్రం వేరు. పసితనంలో అరేబియా రాత్రుల కథలు చదివి ముగ్ధుడై, ఆటకై తనకు తానే పెట్టుకొన్న పేరు అది. అబ్దుల్ అల్‌హజ్రెడ్ అనునది అరబీ వ్యాకరణానికి నిలువదు. అబ్దుల్ అనుటలోనే ఉన్న అల్ మరల రెండవమారు వచ్చినది. మదర్సాలో మొదటి సంవత్సరం చదివే బాలుడు దిద్దగల తప్పు అది. పసివాడు ప్రేమతో పెట్టుకొన్న పేరు, పెద్దవాడైన పిమ్మట భయానికి గుర్తుగా మారినది. ఇది గుర్తుంచుకొని ఇక మన కవి జీవితంలోనికి పోవుదము.

విశ్వనాథవారు 1895 సెప్టెంబరు 10వ తేదీన జన్మించారు. తండ్రి శోభనాద్రిగారు, తల్లి పార్వతమ్మగారు. తండ్రి దానశీలి. ఇంటికి వచ్చినవానిని వట్టిచేతులతో పంపుట ఎరుగనివారు. కాశి నుండి శివలింగాన్ని తెచ్చి నందమూరులో విశ్వేశ్వరాలయం కట్టించినవారు. ఆ దాతృత్వం వలన ఊరిలో కీర్తి మిగిలినది, ఇంటిలో ఆస్తి తరిగినది. కలిగిన ఇంట పుట్టి, లేమిలో పెరుగుట కవి జీవితంలో తొలి పాఠమైనది. ఆ విశ్వేశ్వరుని మీదనే తరువాతి కాలంలో ఆయన మా స్వామి అనే కావ్యం వ్రాశారు. భగవంతుని మా స్వామి అని మా ఊరి పెద్దను పిలిచినట్లు పిలుచుట గమనింపదగినది. ఆయనకు ప్రాచీనమైనదేదియు పరాయిది కాదు. దేవుడు ఊరివాడు, నాగరాజు ఊరివాడు, పురాణపురుషుడు ఎదురింటివాడు. పగటివేషాలు, తోలుబొమ్మలాటలు, హరికథలు జరిగే పల్లెలో పెరిగిన బాలునికి రావణుడును, హనుమంతుడును తెల్లవారులూ కన్నులయెదుట తిరిగినవారే కదా.

పల్లెచదువు తరువాత ఆయన బందరు చేరారు. అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో ఆయనకు గురువులు తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు. అవధానాలతో ఆంధ్రదేశాన్ని ఊపిన ఆ మహాకవి పాదాల చెంత కూర్చున్న బాలురలో ఎందరో తరువాత కవులయ్యారు. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన నోబుల్ కళాశాలలో విశ్వనాథవారు పై చదువు చదివారు. ఒకవైపు శాస్త్రిగారి పద్యం, మరొకవైపు క్రైస్తవ మిషనరీల కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం. ఈ రెండు ప్రవాహాలును బందరులోనే ఆయనలో కలిసినవి. ఆయన ఇంగ్లీషు తెలియక ఇంగ్లీషు చదువును విమర్శించినవారు కారు. షేక్‌స్పియరును, షెల్లీని చదివి, పాఠం చెప్పగల స్థితిలో ఉండి విమర్శించారు.

బందరును గూర్చి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. సముద్రగర్భం నుండి లేచివచ్చే భయాన్ని ప్రావిడెన్స్ రచయిత ఊహించాడు, బందరు అనుభవించినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతోపాటు వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణంలోను, పరిసరాలలోను సుమారు 30,000 మంది మరణించారు. విశ్వనాథవారు విద్యార్థిగా బందరు వీధులలో తిరిగిన నాటికి ఆ రాత్రి నుండి బ్రతికి బయటపడినవారు ఇంకను ముసలివారై ఉండిన కాలం. ఆయన మరణించిన మరుసటి యేడు, 1977 నవంబరు 19న, దివిసీమను మరల ఉప్పెన ముంచినది. వేలమంది పోయారు. మన తాతలు, అమ్మమ్మలు నేటికిని ఆ సంవత్సరాన్ని తుపాను సంవత్సరమనియే చెప్పుకొందురు. అట్టి నేలలో పుట్టినవానికి ప్రకృతి భీకరమని వేరుగా చెప్పనవసరం లేదు. అయినను ఈ నేలవారు ఉప్పెన తీసిన తరువాత మృతులను గౌరవంగా సాగనంపి, ఉప్పు పట్టిన చేలను కడిగి, మరల నారు పోశారు. లోకమున మనకు చోటు లేదని వారు అనుకొనలేదు. విశ్వనాథవారి సాహిత్యంలో భయమున్నను నిరాశ లేకుండుటకు ఈ మట్టియే కారణమని మా నమ్మకం.

1921 ప్రాంతంలో గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమం దేశాన్ని కదిలించగా విశ్వనాథవారు తమ ఉద్యోగాన్ని విడిచారు. కోపల్లె హనుమంతరావుగారు ప్రముఖులుగా నెలకొల్పిన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, 1938 నుండి ఇరువది సంవత్సరాలకు పైగా విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలోను తెలుగు బోధించారు. అటుపిమ్మట కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులయ్యారు. నడుమ నడుమ ఉద్యోగం లేని రోజులు, ఊరూరా తిరిగి పద్యాలు చదివి పొట్టపోసికొన్న రోజులు ఉన్నవి. 1930ల తొలినాళ్ళలో భార్య వరలక్ష్మిగారు చనిపోయారు. ఆ దుఃఖం నుండి వరలక్ష్మీ త్రిశతి పుట్టినది. వ్యక్తిగత శోకాన్ని పద్యంలో ఇంతగా తడిపి వ్రాసిన కావ్యాలు తెలుగులో అరుదు. భద్రాచలం అడవులలోని ఒక వాగును చూచి, అత్తింట అపనిందపాలై నీరుగా కరిగి ప్రవహించిన ఇల్లాలిని, ఆమెకై రాయియైన భర్తను ఊహించి కిన్నెరసాని పాటలు వ్రాసినది కూడ ఈ హృదయమే.

ఆ రోజులలోనే వేయిపడగలు వెలువడినది. కవి నోటితో చెప్పుచుండగా తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాయగా ఇరువది తొమ్మిది దినాలలో ఆ మహానవల పూర్తియైనదని ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి దీనికిని, అడివి బాపిరాజుగారి నారాయణరావుకును కలిపి లభించినది. తరువాత పి.వి. నరసింహారావుగారు దీనిని సహస్రఫణ్ అనే పేర హిందీలోనికి అనువదించారు. కథాస్థానం సుబ్బన్నపేట. ఆ ఊరిని కాచే సుబ్రహ్మణ్యేశ్వరుడు వేయి పడగల సర్పరూపుడు. కొత్త కాలం ఊరిలో అడుగు పెట్టిన కొలది, పాత విద్యలు, పాత కట్టుబాట్లు, పాత మమతలు ఒక్కొక్కటిగా పోయిన కొలది, ఆ సర్పరాజు పడగలు ఒక్కొక్కటిగా రాలిపోవును. చివరకు రెండు మాత్రమే మిగులును.

ఇక్కడ మా విద్యార్థి మొదటి ప్రశ్నకు సమాధానమున్నది. ప్రాచీనజీవి నేటి లోకంలో నిలిచియుండుట అనే కథ తెలుగులో ఉన్నది. ఆ అమెరికా కథలు పుట్టిన కాలపు దాపుననే ఉన్నది. కాని భయం ఉన్న చోటు మారినది. అక్కడ నిద్రించే ప్రాచీనుడు లేచి మనలను మ్రింగునేమో అని భయం. ఇక్కడ మేల్కొని మనలను కాచుచున్న ప్రాచీనుని మనమే మ్రింగుచున్నామేమో అని భయం. ఒక కథలో రాక్షసుడు సముద్రం అడుగున ఉన్నాడు. రెండవ కథలో మనలోని మరపే రాక్షసి.

ఈ భావాన్నే నవ్వులో ముంచి చెప్పిన చిన్న నవల హాహా హూహూ. ఈ పేరు చూచి నవ్వు ధ్వని అనుకొనువారున్నారు. హాహా, హూహూ అనువారు పురాణప్రసిద్ధులైన గంధర్వ గాయకులు. పోతనగారి గజేంద్రమోక్షం చదివినవారికి వీరిలో ఒకరు పరిచితులే. దేవలుని శాపం వలన మొసలియై ఏనుగు కాలు పట్టినవాడు హూహూ అనే గంధర్వుడే. విష్ణుచక్రం తాకగానే ఆ మొసలి తన పూర్వరూపం పొందినది. మొసలిలో గంధర్వుడున్నాడని ముందుగా ఎవరికి తెలియును? ఈ ప్రశ్నను విశ్వనాథవారు లండను నగరానికి తరలించారు.

గుఱ్ఱపు తల, మనుష్యుని ఒడలు, రెక్కలు గల విచిత్రజీవి ఒకనాడు లండనులోని ట్రఫాల్గర్ కూడలిలో గాయపడి పడిపోవును. జనం మూగుదురు. అది మృగమా, మనుష్యుడా అని తర్కింతురు. చివరకు బోనులో పెట్టుదురు. శాస్త్రజ్ఞులు పరీక్షింతురు, పత్రికలు వ్రాయును. ఆ జీవి మాటాడుచునే ఉన్నది. దాని మాట ఏ భాషయో తెలియక అది కేవలం జంతుధ్వని అని తొలుత తలంతురు. అది సంస్కృతమని తెలిసిన పిమ్మటగాని వారిలో మర్యాద మేల్కొనదు. అటుపైన గంధర్వునికిని, ఆంగ్ల పండితులకును సంభాషణ సాగును. తామే నాగరికులమనియు, తమ శాస్త్రమే శాస్త్రమనియు నమ్మినవారిని అతడు చిన్నచిన్న ప్రశ్నలతో తికమక పెట్టును. బోనులో ఉన్నవాడు ఎవడు, బయట ఉన్నవాడు ఎవడు అని చదువరికే సందేహం కలుగును. తుదకు గంధర్వుడు వచ్చిన దారినే వెడలిపోవును. లండను మాత్రం ఉన్నచోటనే ఉండిపోవును.

మన దేశం ఇంగ్లీషువారి పాలనలో ఉన్న కాలంలో ఈ రచన పుట్టినదని విద్యార్థులు మరువరాదు. పాలింపబడే జాతికి చెందిన పల్లెటూరి బ్రాహ్మణ అధ్యాపకుడొకడు, పాలకుల రాజధాని నడిబొడ్డున, వారి విజయస్తంభం నీడలో, ఒక గంధర్వుని పడవేసి, వారి తెలివిని పరీక్షించుట సామాన్యమైన సాహసం కాదు. కత్తి లేదు, నినాదం లేదు, కోపమైనను లేదు. ఉన్నది నవ్వు. చాల ఏండ్ల పిమ్మట, 2018లో, వెల్చేరు నారాయణరావుగారి ఇంగ్లీషు అనువాదం పెంగ్విన్ సంస్థ ద్వారా వెలువడి, ఆ గంధర్వుడు మరల ఇంగ్లీషు చదువరుల నడుమ దిగినాడు.

ఆ అనువాద గ్రంథంలోనే చేరిన రెండవ రచన విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు. ఇందులో ప్రాచీనులు ఇద్దరు మన యింటికే వత్తురు. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మయు, భారతం తెలిగించిన తిక్కన సోమయాజియు ఒక అధ్యాపకుని కలలోనికి వచ్చి, ఇంగ్లీషు నేర్పుమని కోరుదురు. ఇంగ్లీషు రానివానికి ఈ కాలంలో విలువ లేదని వారికి తెలిసిపోయినది. రాజకుమారులకు నీతిశాస్త్రం బోధించిన మహాపండితుడు, ఒక అక్షరాన్ని ఒకచోట ఒకరీతిగా, మరొకచోట వేరొకరీతిగా ఏల పలుకవలెనని అడుగును. వ్రాసిన అక్షరాన్ని పలుకకుండ విడుచుట ఏ ధర్మమని అడుగును. అధ్యాపకుడు సమాధానం చెప్పలేక తలగోకికొనును. తరగతి గదిలో ఇంగ్లీషు వాచకం ముందు కూర్చుండి, తప్పు చదివినందుకు తలదించుకొన్న ప్రతి పల్లెటూరి బాలుని పక్షాన విష్ణుశర్మ నిలిచి అడిగినట్లు మాకు తోచును. తప్పు బాలునిది మాత్రమే కాదు, భాషకును తిక్కలున్నవి అని తెలిసికొనుట ఎంత ఊరట!

ప్రాచీనులు నేటి లోకంలో మేల్కొనుట మన విద్యార్థులలో ముస్లిములకు కొత్త కథ కాదు. శుక్రవారం నాడు ఎందరో ఇండ్లలో పారాయణం చేసే సూరతుల్ కహఫ్‌లో గుహలో నిద్రించిన యువకుల వృత్తాంతమున్నది. దైవవిశ్వాసం కొరకు ఊరు విడిచి, కుక్కతో సహా గుహ చేరి, మూడు వందల తొమ్మిది సంవత్సరాలు నిద్రించి, ఒక దినమో, అందులో కొంతయో గడిచినదనుకొని లేచిన అస్‌హాబె కహఫ్ వారు. వారిలో ఒకడు వెండి నాణెం తీసికొని ఆహారం కొనుటకు ఊరిలోనికి పోవును. ఆ పాత నాణెం చూచి అంగడివారు ఆశ్చర్యపడిరని, దాని మూలముననే వారి సంగతి బయటపడినదని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆ కథలోను ప్రాచీనుడు భయంకరుడు కాడు. అతడు దైవశక్తికి సాక్షి. మారినది లోకం. చెల్లనిది నాణెం. విశ్వనాథవారి గంధర్వుడు పలికిన సంస్కృతమును లండను వీధిలో అట్టి పాత నాణెమే. ఒక పండితుడు దాని ముద్ర చదువగలుగుటచే అతని గౌరవం కొంత నిలిచినది.

అట్టి నాణేలు మన ఊళ్ళలోను పడియున్నవి. బందరు అనే పేరే చూడుడు. అది ఓడరేవు అనే అర్థం గల పారశీక పదం. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్టణం ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు. అక్కడి నుండి ఓడలు పారశీక, అరబ్బు తీరాలకు పోయెడివి. మన కలంకారీ అద్దకానికి ఆ పేరు తెచ్చిన కలం అనే మాటయు అరబీ, పారశీకాల ద్వారా వచ్చినదే. బందరు బస్సు ఎక్కే రైతుకు తాను పారశీకం పలుకుచున్నానని తెలియదు. తెలియకపోయినను ఆ మాట అతని నోట బ్రతికియున్నది. పరాయిదనుకొన్నది ఇంటిలోనే ఉన్నదని తెలిసికొనుట భయం కాదు, విజ్ఞానం.

అయితే మేము ఒక సత్యాన్ని దాచరాదు. విశ్వనాథవారు కాపాడదలచిన ప్రాచీనలోకంలో అందరికి సమానమైన చోటు లేదు. వర్ణవ్యవస్థను ఆయన సమర్థించారు. వేయిపడగల నీడలో కొందరు అరుగు మీద కూర్చుందురు, కొందరు వాకిట నిలబడుదురు. అభ్యుదయ రచయితలు ఆయనను కాలాన్ని వెనుకకు త్రిప్పజూచినవారని విమర్శించారు. ఆ విమర్శలో బలమున్నది. ముస్లిమైన తెలుగు అధ్యాపకులమైన మాకు ఆ నవల చదువునప్పుడు, ఈ ఊరిలో మా ఇల్లు ఎక్కడ అనే ప్రశ్న కలుగకపోలేదు. విద్యార్థి దశలో ఆ ప్రశ్న వలన కొంతకాలం ఆయన గ్రంథాలను ప్రక్కన పెట్టినామని ఒప్పుకొనుటకు సిగ్గుపడము.

మరల ఆయనను చేతికి ఇచ్చినది హాహా హూహూయే. తన భాష తెలియనివారి నడుమ బోనులో నిలబడిన ఆ జీవిని చూచినప్పుడు, అతని పక్షాన మా మనస్సు దానంతట అదే చేరినది. పేరు విని, వేషం చూచి, మాట వినకముందే మృగమని తీర్మానించుట ఎట్టిదో ఈ దేశంలో అనేకులకు తెలియును. అంటరానివాడని దూరంగా నిలబెట్టబడినవానికి తెలియును. పల్లెయాసకు నవ్వబడినవానికి తెలియును. మా విద్యార్థికిని తెలియును. కవి ఆ కథను తన సంప్రదాయం కొరకు వ్రాసియుండవచ్చును. కాని మంచి కథ వ్రాసినవాని గుమ్మం దగ్గర ఆగదు. గంధర్వుని కొరకు ఆయన అడిగిన న్యాయాన్ని, ఆయన అడుగని వారి కొరకు అడుగుటకు మనకు ఆయన కథయే అధికారమిచ్చినది.

శ్రీశ్రీగారు భావాలలో ఆయనకు ఉత్తర దక్షిణ ధ్రువాలవంటి వారు. అయినను విశ్వనాథవారు మరణించినప్పుడు శ్రీశ్రీ కవితతో నివాళి యిచ్చారు. పిఠాపురపు ఉమర్ ఆలీషా కవిగారు (1885-1945) సూఫీ పీఠమలంకరించి, తెలుగు పద్యాన్ని తన యింటి భాషగా చేసికొన్నారు. అభిప్రాయం వేరైనను పద్యం ఉమ్మడి ఆస్తి అని ఈ పెద్దల నడవడి మనకు చెప్పుచున్నది.

కవి చివరి సంవత్సరాలు గౌరవాలతో నిండినవి. ఆయన పేరు ముందు కవిసమ్రాట్ అనే బిరుదు స్థిరపడినది. శాసనమండలి సభ్యత్వం వచ్చినది. విశ్వనాథ మధ్యాక్కఱలకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. నలుబది ఏండ్ల యౌవనపు కథవలె సాగిన ఏకవీర 1969లో చలనచిత్రమైనది. 1970లో పద్మభూషణ్ బిరుదు, ఆ యేటి జ్ఞానపీఠ పురస్కారం వచ్చినవి. దశాబ్దాల తరబడి వ్రాసిన రామాయణ కల్పవృక్షానికి ఆ పురస్కారం లభించినది. నవలలే అరువదికి దగ్గరగా వ్రాశారు. పులిమ్రుగ్గు మొదలైన పన్నెండు నవలల పురాణవైర గ్రంథమాల వారి వృద్ధాప్యంలోని శ్రమ. 1976 అక్టోబరు 18న, ఎనుబది రెండవ యేట, ఆయన దివంగతులయ్యారు. ధనం కూడబెట్టలేదు. కీర్తితోపాటు విరోధులనూ కూడబెట్టారు. ఎవరి మెప్పుకును మాట మార్చలేదు.

ఇక ఆ విద్యార్థి రెండవ ప్రశ్న మిగిలినది. మనవారి పేరుగలవానికే ఆ భయంకర గ్రంథాన్ని ఎందుకు అంటగట్టారు? సమాధానం ఇది. తెలియని భాషను జంతుధ్వని అనుకొనే అలవాటు వలన. లండను జనం గంధర్వుని పట్ల ఏ పొరపాటు చేశారో, ప్రావిడెన్స్ రచయిత అరబ్బు పట్ల ఆ పొరపాటే చేశాడు. అబ్దుల్ అనుటలో దాసుడనే అర్థమున్నదని అతనికి ఎవరైనను చెప్పియుండిన యెడల, పసితనపు ప్రేమ పెద్దతనపు భయంగా మారకపోయెడిదేమో. అందుచేత అతని కథలను చదువవద్దని మేము చెప్పము. చదువుడు. భయపడుడు, ఆనందింపుడు. చదివిన పిమ్మట ఆ పేరులోని వ్యాకరణదోషాన్ని దిద్దుడు. ఆ పని మీకంటె బాగుగా చేయగలవారు లేరు.

విద్యార్థినీ విద్యార్థులారా, ఈ కళాశాలలో మీరు ఉర్దూ, తెలుగు అనే రెండు భాషలను ఒకే కప్పు క్రింద చదువుచున్నారు. కుడి నుండి ఎడమకు వ్రాసే లిపియు, ఎడమ నుండి కుడికి వ్రాసే లిపియు మీ ఒక్క పుస్తకపు సంచిలో పక్కపక్కన ఉన్నవి. లోకంలో చాలమందికి లేని భాగ్యమిది. బోనులో ఉన్నవాని మాట అర్థం చేసికొనగల పండితుడొకడు లండనులో ఆ నాడు అవసరమైనాడు. ప్రతి ఊరికి అట్టివాడొకడు ఎల్లప్పుడు అవసరమే. కళాశాల సంఘంవారు గ్రంథాలయంలో విశ్వనాథవారి నవలలను ఉమర్ ఆలీషా కావ్యాల పక్కన చేర్చిన యెడల విద్యార్థులకు ఉపకారం చేసినవారగుదురని మా విన్నపం. సెలవులలో ఒకనాడు గుడివాడ మీదుగా నందమూరు పోయి, విశ్వేశ్వరాలయం ఉన్న ఆ ఊరి వీధులు చూచి రండు. ఆ వీధిలో బాల్యం గడిపిన కవి ఒక గంధర్వుని లండను దాక పంపి, అతనిని మృగమనుకొన్నవారిని నవ్వుచునే నిలదీశాడు. ఆ నవ్వును, ఆ ధైర్యాన్ని వెంట తెచ్చుకొన్న యెడల మీ ప్రయాణం సార్థకమైనట్లే.